కావడి ఫో నుంచి కాక్‌టెయిల్ బార్ దాకా

ఫో వియత్నాం వారి బియ్యపు నూడుల్స్ వంటకం. ఎముకలను గంటల తరబడి సన్నసెగ మీద కాచి తీసిన తేట రసం, అందులో వెడల్పాటి తెల్లని నూడుల్స్, పైన పలచగా కోసిన మాంసం ముక్కలు, ఉల్లికాడలు, కొత్తిమీర. గిన్నెలో కనబడేది ఇంతే. వియత్నాంలో దీన్ని ఎక్కువగా పొద్దున్నే తింటారు. అమ్మేది చాలావరకు కుటుంబాలే. ముందు గదిలో దుకాణం, వెనక గదిలోనో పై అంతస్తులోనో కాపురం. ఆ దుకాణం సముద్రం దాటి అమెరికా, ఫ్రాన్స్, ఆస్ట్రేలియా చేరేసరికి పొద్దుటి తిండి కాస్తా రాత్రి భోజనమైంది. మరికొన్నాళ్లకు నూడుల్స్ గదిని ఆనుకుని సీసాల అరలు, ఎత్తు కుర్చీలు వెలిశాయి. కుటుంబం నడిపే నూడుల్స్ రెస్టారెంటు, దాని పక్కనే కాక్‌టెయిల్ బార్ అనే ఏర్పాటు ఇప్పుడు పెద్ద నగరాల్లో కొత్తది కాదు.

నూడుల్స్ తయారీ గురించి షోలాపూర్‌లో తెలుగువారుండే భవాని పేట్ వాసులకు ఎక్కువ వివరించనక్కరలేదు. అందులో ఉన్నవి బియ్యం, ఆవిరి, గుడ్డ. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు పోస్తూ మెత్తగా రుబ్బుతారు. కొత్త బియ్యం జిగటగా ఉండి అతుక్కుపోతాయి కనుక పాత బియ్యమే వాడతారు. వెడల్పు మూతి ఉన్న గిన్నెలో నీళ్లు మరగబెట్టి, మూతికి బిగువుగా గుడ్డ కడతారు. తెలుగిళ్లలో వాసెన కట్టి కుడుములు ఉడికించే పద్ధతి ఇదే. గరిటెడు పిండి గుడ్డ మీద పోసి, గరిటె వీపుతో గుండ్రంగా తిప్పి, మూత పెడతారు. నిమిషం తిరక్కుండానే పిండి పలచటి పొరగా ఉడుకుతుంది. వెదురు పుల్లను పొర కిందికి జొనిపి, చిరగకుండా ఎత్తి, చల్లార్చి పట్టీలుగా కోస్తే ఫో నూడుల్స్. కోయకుండా లోపల కీమా, పుట్టగొడుగులు పెట్టి చుడితే అది బాన్ కూన్ అనే మరో టిఫిన్. గుడ్డ వదులైతే పిండి నడుమ గుంటలో నిలిచి పొర మందమవుతుంది. పొర మందమైతే ఆ పూట బేరం పోయినట్టే. ఇప్పుడు ఈ పని చాలాచోట్ల యంత్రాలు చేస్తున్నాయి. అయినా హనోయి సందుల్లో గుడ్డ మీద పొర లేపే ఆడవాళ్లు ఇంకా కనబడతారు.

వియత్నాంలో నూడుల్స్ అంటే ఫో ఒక్కటే కాదు. సన్నగా గుండ్రంగా ఉండే బియ్యపు సేమియాను బున్ అంటారు. దక్షిణాన చైనా, కంబోడియా వంటల పోకడ ఉన్న హు తియు ఉంది. గోధుమ నూడుల్స్ మీ, పెసర వంటి పిండితో చేసేవి మియెన్. దేశం పేరు మోసినది మాత్రం ఫోయే.

రసం సంగతి వేరు. దుకాణం పేరు నిలబెట్టేదీ, పడగొట్టేదీ అదే. ఎముకలను ముందు ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, ఎముకలు కడిగి మళ్లీ పొయ్యి మీద పెడతారు. మంట పెద్దదైతే రసం తెల్లగా కలకబారుతుంది. అందుకని ఆరేడు గంటలు, కొన్నిచోట్ల రాత్రంతా, పైకి తేలే నురుగు తీసేస్తూ కుతకుతమననిస్తారు. అల్లం, ఉల్లిగడ్డలు నిప్పుల మీద పైతోలు మాడేదాకా కాల్చి, మాడిన పొర గీకి వేస్తారు. అనాస పువ్వు, దాల్చిన చెక్క, లవంగం, నల్ల ఏలక్కాయ, ధనియాలు వేయించి గుడ్డలో మూటకట్టి దించుతారు. ఉప్పుకు తోడు నూక్ మామ్ వేస్తారు. అది చిన్న చేపలను ఉప్పుతో కలిపి పెద్ద చెక్క తొట్లలో నెలల తరబడి ఊరబెట్టి తీసే ద్రవం. ఫూ క్వాక్ దీవి, ఫాన్ తియెత్ పట్టణం దానికి పేరుపడ్డాయి. ఇందులోని మసాలా దినుసులు మనకూ పరాయివి కావు. భారతదేశం దిగుమతి చేసుకునే దాల్చిన చెక్కలోనూ, అనాస పువ్వులోనూ పెద్ద వాటా వియత్నాందే. షోలాపూర్ పెళ్లి బిర్యానీలో పడే అనాస పువ్వు అక్కడి లాంగ్ సన్ కొండల్లోని ఏ చెట్టుదో అయివుండవచ్చు.

గిరాకీ వచ్చాక జరిగే పని రెండు నిమిషాలది. నూడుల్స్‌ను పొడుగు పిడి జల్లెడలో వేసి మరిగే నీళ్లలో ముంచి తీస్తారు, గిన్నెలో వేసి పైన పచ్చి మాంసపు పలచటి ముక్కలు పరుస్తారు, వాటి మీద సలసల కాగే రసం పోస్తారు. మాంసం ఆ వేడికే ఉడుకుతుంది.

ఫో పుట్టుక మీద తగాదా ఉంది. హనోయి వాళ్లు తమదంటారు. హనోయికి ఆగ్నేయంగా 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న నామ్ దిన్ వాళ్లు తమదంటారు. నామ్ దిన్ గురించి షోలాపూర్ వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోదగ్గ విషయం ఒకటుంది. అది కూడా మిల్లుల ఊరే. షోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు, జనం పాత మిల్లు అని పిలుచుకునేది, 1877లో మొదలైంది. ఫ్రెంచివారి హయాంలో నామ్ దిన్‌లో పెట్టిన బట్టల మిల్లు ఇండోచైనా మొత్తానికి పెద్దదిగా పేరు తెచ్చుకుంది. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఆ మిల్లు కూలీలకూ, ఫ్రెంచి సిపాయిలకూ అమ్ముతూ ఫో పెరిగిందని నామ్ దిన్ వాళ్ల వాదన. ఆ దగ్గరే ఉన్న వాన్ కూ అనే పల్లెలో ‘కో’ ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా ఫో వ్యాపారంలో ఉన్నాయి. హనోయికి ఆ విద్యను మోసుకెళ్లింది తామేనని వాళ్లు చెబుతారు. వ్యవసాయానికి పశువులు కావలసిన దేశంలో అంతకుముందు గొడ్డు మాంసం వాడకం తక్కువ. ఫ్రెంచివారి వంటకు మాంసం పోగా మిగిలిన ఎముకలు చవగ్గా దొరకడం, చైనా వర్తకుల నూడుల్స్ అలవాటు, ఈ రెండూ కలిసి ఫో అయిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట.

మొదట్లో దుకాణాలు లేవు, కావడి ఉండేది. ఒక తట్టలో నిప్పుల కుంపటి, దాని మీద రసం కుండ. రెండో తట్టలో నూడుల్స్, గిన్నెలు, కత్తి, మాంసం. తెల్లవారుజామునా, పొద్దుపోయాకా వీధి వీధీ కేకేసుకుంటూ తిరిగేవాళ్లు. తర్వాత అరుగులు, ఆ తర్వాత కొట్లు వచ్చాయి. 1939లో వారంలో కొన్ని రోజులు గొడ్డు మాంసం అమ్మకం ఆపేసినప్పుడు కోడిమాంసం ఫో పుట్టింది. శుద్ధవాదులు మొదట ముక్కు చిట్లించినా అది నిలిచిపోయింది.

1954లో జెనీవా ఒప్పందం వియత్నాంను 17వ అక్షాంశం దగ్గర రెండుగా విడదీసింది. ఉత్తరం నుంచి దక్షిణానికి లక్షల మంది, దాదాపు పది లక్షలని చెబుతారు, తరలివెళ్లారు. వాళ్లతో ఫో సైగాన్ చేరింది. అక్కడ దాని తీరు మారింది. గిన్నె పక్కన పళ్లెం నిండా మొలకలు, తులసి జాతి ఆకులు, నిమ్మ బద్దలు, పచ్చిమిరప, తియ్యటి సోయా ముద్ద, మిరప సాస్ వచ్చి చేరాయి. ఎవరి రుచికి వాళ్లు కలుపుకోవడం దక్షిణాది పద్ధతి. ఉత్తరాది పెద్దలకు అది నేటికీ కిట్టదు. మంచి రసంలో ఇన్ని కలిపితే రసమెక్కడ మిగిలిందని వాళ్ల ప్రశ్న, అందులో న్యాయం లేకపోలేదు.

ఉత్తరాన పరిస్థితి వేరు. అక్కడ ఫో దుకాణాలు ప్రభుత్వం చేతిలోకి పోయాయి. యుద్ధం, రేషన్ల కాలంలో మాంసం లేని ఫో అమ్మేవారు. అమెరికా పంపే పైలట్ లేని నిఘా విమానాలను చూసి జనం దానికి ‘పైలట్ లేని ఫో’ అని పేరు పెట్టారు. 1986లో దోయ్ మోయ్ ఆర్థిక సంస్కరణలు వచ్చాకే కుటుంబాల దుకాణాలు మళ్లీ తలెత్తుకున్నాయి.

కుటుంబ దుకాణం ఎంత సంగతి దాచగలదో సైగాన్‌లోని ఫో బిన్ చెబుతుంది. ‘బిన్’ అంటే శాంతి. న్గో తోయై అనే పెద్దమనిషి కుటుంబంతో నడిపిన ఆ కొట్టు కింది అంతస్తులో అమెరికన్ సైనికులు కూడా ఫో తినేవారు. పై అంతస్తు మాత్రం 1968 టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) దాడికి సైగాన్‌లో వియెట్‌కాంగ్ గెరిల్లా దళాల రహస్య స్థావరం. దాడికి ఆదేశాలు వెలువడింది ఆ మేడ మీది నుంచే. ఆ తర్వాత పోలీసులు ఇంటి మీద పడ్డారు, యజమాని జైలుపాలయ్యారు. ఆ దుకాణం ఇప్పుడు చారిత్రక స్థలం. మేడ మీద ఆనాటి ఫొటోలు, కింద ఫో.

1975 ఏప్రిల్ 30న సైగాన్ ఉత్తర వియత్నాం సేనల వశమైంది. పడవల్లో, విమానాల్లో లక్షల మంది దేశం విడిచారు. పరాయి ఊళ్లో భాష రాదు, చదువుకు విలువ లేదు. చేతిలో ఉన్నది వంట. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో లిటిల్ సైగాన్ వెలిసింది. అక్కడి గార్డెన్ గ్రోవ్‌లో 1982లో మొదలైన ఫో 79కి 2019లో జేమ్స్ బేర్డ్ ఫౌండేషన్ ‘అమెరికాస్ క్లాసిక్స్’ పురస్కారం ఇచ్చింది. ఫో దుకాణాల పేర్లలో 54, 75, 79 లాంటి అంకెలు తరచూ కనబడతాయి. అవి చాలావరకు వలసకో, కొట్టు తెరిచిన ఏడాదికో గుర్తులు.

ఈ దుకాణాలు నిలదొక్కుకోవడానికి రసం రుచి ఒక్కటే కారణం కాదు. జీతం లేని పని అసలు కారణం. తండ్రి తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి వెలిగిస్తాడు, తల్లి గల్లాపెట్టె దగ్గర, అత్త ఆకులు ఏరుతుంది, బడి నుంచి వచ్చిన పిల్లలు బల్లలు తుడిచి అక్కడే హోంవర్క్ చేసుకుంటారు. మగ్గమున్న ఇంట్లో కండెలు చుట్టిన ఆడవాళ్ల పనీ, పిల్లల పనీ కూలి లెక్కలోకి ఎలా రాలేదో, గిన్నె ధరలోకి ఆ ఇంటి చాకిరీ కూడా అలాగే రాలేదు. పన్నెండు గంటలు కాచిన రసాన్ని చవగ్గా తినడానికి జనం అలవాటుపడ్డారు. ఇటాలియన్ పాస్తాకు ఇచ్చే ధర ఫోకు ఇవ్వమంటే మొహం చిట్లిస్తారు. రెండో తరం చదువుకుని, ఆ చాకిరీ ఉచితంగా చేయనన్నప్పుడు అసలు లెక్క బయటపడింది.

బార్ వచ్చింది ఆ లెక్క సరిచేయడానికి. 750 మిల్లీలీటర్ల సీసాలో 60 మిల్లీలీటర్ల కొలతలు పన్నెండు వస్తాయి. నిమ్మరసం, పంచదార పాకం, మంచు కలిపి గ్లాసు అందించడానికి మూడు నిమిషాలు చాలు. సరుకు చెడిపోదు, మిగిలితే పారబోయనక్కరలేదు. రసం అలా కాదు, రాత్రికి మిగిలింది రేపటికి పనికిరాదు. హోటళ్లలో సాధారణంగా మద్యం మీద మిగిలే లాభం తిండి మీద మిగలదు. పైగా బార్ ఉంటే గిరాకీ పావుగంటలో తిని లేచిపోడు, గంటన్నర కూర్చుంటాడు. పొద్దున వండిన వంటకం రాత్రి అమ్మకానికి పనికొస్తుంది.

వంటింటి సరుకే బార్‌కూ ఉపయోగపడటం ఈ జోడీకి ఉన్న సౌకర్యం. నిమ్మగడ్డి, అల్లం, పుదీనా, తులసి, చిన్న నారింజలు, మిరప, గడ్డపాలు కలిపిన చిక్కటి కాఫీ, అన్నీ అక్కడే ఉన్నాయి. 2012లో హనోయిలో ఫామ్ తియెన్ తియెప్ అనే బార్టెండర్ ఫో మసాలా దినుసులనే జిన్‌తో కలిపి ఫో కాక్‌టెయిల్ తయారుచేశాడు. లోహపు గిన్నెలు అంతస్తులుగా ఉన్న చట్రంలో, మండుతున్న మద్యాన్ని దాల్చిన చెక్క, అనాస పువ్వు, ఏలకుల మీదుగా పైనుంచి కిందికి పారించి గ్లాసులో పడతాడు. అందులో ఎముకల రసం చుక్క కూడా లేదు. వాసన ఒక్కటే ఫోది. చూడముచ్చటైన తమాషా అని ఒప్పుకోవాలి, ఆకలి మాత్రం తీరదు.

కుటుంబం, నూడుల్స్, బార్, ఈ మూడూ కలిసి పెద్దస్థాయికి ఎదిగిన ఉదాహరణలు రెండు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాయి. 1971లో డయానా ఆన్ అనే వియత్నాం మహిళ ఆ ఊళ్లో ఒక చిన్న ఇటాలియన్ తినుబండారాల కొట్టు కొన్నారు. 1975లో ఆమె కోడలు హెలెన్ ఆన్, ఆస్తులన్నీ పోగొట్టుకుని, పిల్లలతో అక్కడికి చేరారు. అత్తాకోడళ్లు నడిపిన ఆ థాన్ లాంగ్ రెస్టారెంటులో పుట్టిన వెల్లుల్లి నూడుల్స్, వేయించిన పీత అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నాయి. వాటిని వండే గది వేరు, అందులోకి కుటుంబ సభ్యులకే ప్రవేశం. 1997లో బెవర్లీ హిల్స్‌లో పెట్టిన క్రస్టేషియన్‌లో అవే నూడుల్స్ బార్ పక్కన, సినిమా తారల బల్లల మీదికి చేరాయి. హెలెన్ కూతుళ్లు వ్యాపారం చూసుకున్నారు.

రెండోది స్లాంటెడ్ డోర్. చార్లెస్ ఫాన్ 1962లో దలాత్‌లో చైనా మూలాలున్న కుటుంబంలో పుట్టారు. 1975లో దేశం వదిలి, గువాం మీదుగా 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. బర్క్‌లీలో ఆర్కిటెక్చర్ చదువు మధ్యలో ఆపి, ఇంటివాళ్ల కుట్టుపని వ్యాపారంలోనూ పనిచేశారు. 1995లో వలెన్సియా వీధిలో రెస్టారెంటు తెరిచినప్పుడు తోబుట్టువులు, బంధువులే పనివాళ్లు. 2004లో అది ఫెర్రీ బిల్డింగ్‌లోకి మారింది. పీతమాంసం కలిపిన గాజు నూడుల్స్ అక్కడ పేరుపడ్డ వంటకం. బార్ కూడా వంటకు తీసిపోని పేరు తెచ్చుకుంది. 2014లో దేశంలోకెల్లా ఉత్తమ రెస్టారెంటుగా జేమ్స్ బేర్డ్ పురస్కారం వచ్చింది. ఫాన్ 2025 జనవరిలో కన్నుమూశారు.

వియత్నాంలో మాత్రం ఫో దుకాణంలో మద్యం ఆనవాయితీ కాదు. చల్లటి టీ ఇస్తారు. సాయంత్రం బీరుకు బియా హోయ్ అనే అరుగుల మీది కొట్లు వేరే ఉన్నాయి. అక్కడ ఏ రోజు పీపా ఆ రోజే ఖాళీ అవుతుంది. నూడుల్స్, బీరు ఒకే బల్ల మీద లోకమంతా చూసింది 2016 మేలో. అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, వంటల రచయిత ఆంథొనీ బోర్డెయిన్ హనోయిలోని ఒక కుటుంబ హోటల్లో ప్లాస్టిక్ ముక్కాలి పీటల మీద కూర్చుని బున్ చా అనే నూడుల్స్ వంటకం తిని, సీసాలెత్తి బీరు తాగారు. బిల్లు ఆరు డాలర్లు. ఆ బల్లకు తర్వాత అద్దాల పెట్టె కట్టారు.

మద్యమంటే అక్కడ చేదు జ్ఞాపకం కూడా ఉంది. 1897 నుంచి 1902 దాకా ఫ్రెంచి ఇండోచైనా గవర్నర్ జనరల్‌గా ఉన్న పాల్ దూమెర్ ఉప్పు, నల్లమందు, మద్యం మూడింటినీ ప్రభుత్వ గుత్తాధిపత్యం కింద బిగించాడు. పల్లెల్లో ఇంట్లో కాచుకునే బియ్యపు సారా నేరమైంది, ఫ్రెంచి కంపెనీ సారా కొనక తప్పలేదు. 1945 సెప్టెంబరు 2న హో చి మిన్ చదివిన స్వాతంత్ర్య ప్రకటనలో ఫ్రెంచివారు మద్యాన్నీ, నల్లమందునూ ప్రజల మీద రుద్దారన్న ఆరోపణ ఉంది. నిజాం, బొంబాయి అబ్కారీల కింద బతికిన వారికి ఈ కథ కొత్త కాదు.

ఫ్రెంచివారి ద్వారానే వియత్నాం వంట భారతదేశానికీ వచ్చింది. ఫ్రెంచి పాలనలో ఉన్న పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాల వారు సైగాన్‌లో సిపాయిలుగా, గుమాస్తాలుగా ఉండేవారు. 1954 జూన్‌లో తెలుగు యానాం, అదే ఏడాది నవంబరు 1న పుదుచ్చేరి భారత పాలనలోకి వచ్చాయి. ఇండోచైనా ఫ్రెంచివారి చేజారాక ఎందరో వియత్నాం భార్యలతో, పిల్లలతో పుదుచ్చేరి తిరిగొచ్చారు. నెమ్ అనే వేయించిన చుట్టలు, నూడుల్స్ ఆ ఇళ్లలో ముందు వంటలుగా ఉండి, తర్వాత కొన్నిచోట్ల హోటళ్లయ్యాయి.

తిండి గదీ, బారూ పక్కపక్కనే ఉండే ఏర్పాటుకు మహారాష్ట్రలో అచ్చమైన స్థానిక రూపం ‘ఫ్యామిలీ రెస్టారెంట్ అండ్ పర్మిట్ రూమ్’. రోడ్డు పక్క ఆ బోర్డు లేని ఊరు అరుదు. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం తాగడాన్ని మొత్తంగా నిషేధించి, పర్మిట్ ఉన్నవారికి మాత్రమే మినహాయింపు ఇచ్చింది. నిషేధం సడలినా పర్మిట్ పేరు మిగిలింది. బార్‌కు ఎక్సైజ్ శాఖ ఇచ్చే ఎఫ్‌ఎల్-3 లైసెన్సు కావాలి. బీరు, వైన్లకు 21 ఏళ్లు, విస్కీ, రమ్ లాంటి వాటికి 25 ఏళ్లు నిండాలి. ఒక గదిలో పిల్లలతో భోంచేసే కుటుంబాలు, తలుపు అవతల మద్యం. కాలిఫోర్నియా ఫో దుకాణంలో అడ్డుగోడ ఉండదు, ఇక్కడ అడ్డుగోడే వ్యాపారం. అది లేకపోతే ఆడవాళ్లు లోపలికి రారు.

తెలంగాణ జిల్లాల నుంచి నేతపనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీల భవాని పేట్‌లో ఫో దుకాణం పెట్టదలిస్తే కొన్ని మార్పులు తప్పవు. మహారాష్ట్రలో ఎద్దుల వధను కూడా నిషేధించిన 2015 చట్ట సవరణ తర్వాత అసలు ఫో ఇక్కడ చేయడం కష్టం. 1939లో హనోయి చేసిన పనే చేయాలి, అంటే కోడి ఫో. కడక్ భాకరీకీ, శేంగా చట్నీకీ అలవాటుపడిన నాలుకకు తేట రసం చప్పగా తోస్తుంది కనుక పచ్చిమిరప, నిమ్మబద్దల సైగాన్ పద్ధతే నప్పుతుంది. నూక్ మామ్ వాసన దగ్గర చాలామంది ఆగిపోతారు, దాన్ని తగ్గించుకోవచ్చు. బియ్యపు నూడుల్స్, అనాస పువ్వు, దాల్చిన చెక్క దొరకడం కష్టం కాదు.

బార్ మాట వేరు. కాక్‌టెయిల్ ఖరీదు పెట్టే గిరాకీ పవర్‌లూమ్ పేటలో లేదు. ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారం లాగుతున్న ఇళ్ల మధ్య మరో మద్యం కొట్టు అవసరమూ లేదు. లైసెన్సు రుసుము, అద్దె, గోడ ఖర్చు కలిపితే చిన్న కుటుంబం ఆ భారం మోయలేదు. షిఫ్టు దిగే వేళకు వేడి కోడి ఫో అందించే దుకాణం మాత్రం ఇంటిల్లిపాదీ చేయివేస్తే సాగుతుంది, ఆ పనిచేసిన వాళ్లందరికీ కూలి లెక్కగట్టిన ధర పెట్టగలిగితే.